లేటొచ్చినోళ్ల బెంచీ

నేను ఒక సీటు బెల్టుని. జీపులో కూర్చున్న మనిషి ఛాతీ మీదుగా ఏటవాలుగా పడుకుని, బండి దేన్నైనా గుద్దుకున్న క్షణంలో అతను అద్దంలోంచి బయటికి ఎగిరిపోకుండా పట్టుకోవడం కోసం నన్ను పుట్టించారు. ఆ పని చేసే భాగ్యం నాకు ఒక్కసారి కూడా దక్కలేదు. నాకు దక్కింది ఇంకో పని. బొగ్గు గనుల ఊళ్లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ల చీలమండలు పట్టుకోవడం. మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

నన్ను నేసిన మిల్లు గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. వేల పోగులు, మగ్గాల రొద, నల్లరంగు తొట్టి. అక్కడ నాకు బాగా గుర్తున్నది పరీక్ష ఒక్కటే. నా పక్కనే పుట్టిన ముక్కను రెండు ఇనుప దవడల మధ్య బిగించి తెగేదాకా లాగారు. అది తెగినచోట అంకె రాసుకుని, నన్ను చూసి తలూపి, ‘ఇది మనిషిని ఆపుతుంది’ అని ముద్ర వేశారు. తెగింది అది, మంచి పేరు వచ్చింది నాకు. మనుషుల పరీక్షలు ఎలా ఉంటాయో ఆ రోజే అర్థమైంది.

నన్ను బిగించిన జీపు ఒక కాంట్రాక్టరు చేతికి వచ్చింది. గనులకు కలప తోలే మనిషి. ఆయనకు నేనంటే గిట్టేది కాదు. పెట్టుకోకపోతే బండి కీచుమని మొత్తుకుంటుంది కాబట్టి, నన్ను తన వెనక నుంచి తిప్పి బకిల్‌లో గుచ్చేసి, నా మీదే ఆనుకుని కూర్చునేవాడు. చౌరస్తాలో పోలీసు కనిపిస్తే మాత్రం గబగబా లాగి, పెళ్లిలో కండువా కప్పుకున్నట్టు భుజం మీద వేసుకునేవాడు. పోలీసు దాటగానే కండువా జారిపోయేది. ఒక వానరోజు మలుపు దగ్గర మా జీపు వెళ్లి బొగ్గు లారీని వెనక నుంచి గుద్దింది. నేను ఆయన వీపు వెనకే ఉన్నాను. అంత దగ్గరుండి కూడా ఏమీ చేయలేకపోయాను. ప్రాణం దక్కింది గానీ ముందు పళ్లు పోయాయి. దవాఖాన నుంచి రాగానే ఆ బండి నంబరు తనకు అచ్చిరాలేదన్నాడు. అచ్చిరాని బండి పాత ఇనుప సామాను కొట్టుకు చేరింది, దానితోపాటే నేనూ.

అక్కడ ఎండలో పడి ఉండి చాలా ఆలోచించాను. నా పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. పళ్లు ఊడవు, రక్తం కారదు, పేపర్లో ఫొటో పడదు. ఏమీ జరగనప్పుడు ఎవరు ఎవరికి దండం పెడతారు? విరిగిన ఎముక అతికించిన డాక్టరుకు పండ్లబుట్ట పట్టుకెళ్తారు. విరగకుండా చూసినవాడి మొహం కూడా చూడరు. నాకు కొంచెం కోపం ఎక్కువ, ఆ సంగతి నాకూ తెలుసు.

ఒక సాయంత్రం ఆ కొట్టులోకి ఒకామె వచ్చింది. తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులకు బొగ్గు దుమ్ము. పేరు నస్రీన్. కాలనీ దవాఖానలో ఫిజియోథెరపిస్టు, అంటే మందుబిళ్లలతో కాకుండా వ్యాయామంతో కీళ్లూ కండరాలూ బాగుచేసే మనిషి. ఆమె నన్ను జీపులోంచి బయటికి లాగి, ఒక కొస కాలి కింద తొక్కిపట్టి, రెండో కొస రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలి గుంజింది. అన్నాళ్ల తర్వాత నా బలం ఎంతో తెలుసుకోవాలనుకున్న మొదటి మనిషి ఆమె. నాకు కళ్లుంటే నీళ్లు తిరిగేవి.

కొట్టాయన వింతగా చూశాడు. “దీంతోని ఏం చేస్తవమ్మా? కారున్నదా?”

“కారు లేదు, కాళ్లున్నయి,” అంది నస్రీన్.

ఆ కాళ్ల కథ ఇది. కాలనీ క్వార్టర్లకూ బొగ్గు గుట్టకూ మధ్య ఒక మైదానం ఉంది. అక్కడ గని కార్మికుల పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు. ఆ పిచ్చి ఆ ఊరికి తాతల నాటి నుంచి ఉంది. అంతకుముందు ఏడాది ఆ జట్టులో సగానికి సగం మంది తొడ వెనక కండరం చిట్లి పడిపోయారు. వాళ్ల మాటల్లో ‘తొడ నరం గుంజింది’. నొప్పి తగ్గేదాకా మంచాన పడుకోవడం, తగ్గగానే దిగి పరిగెత్తడం, మళ్లీ అక్కడే చిట్లడం. చిట్లిన ప్రతివాడూ కుంటుకుంటూ నస్రీన్ దగ్గరికే వచ్చేవాడు. బాగుచేసీ బాగుచేసీ ఆమెకు విసుగొచ్చింది. చిట్లాక చూడ్డం ఎందుకు, చిట్లకుండా చూస్తే పోలేదా అనుకుని నేరుగా మైదానానికే వచ్చేసింది.

కాలనీ వడ్రంగి చేత ఒక పొడుగు బెంచీ చేయించింది. దాని ఒక చివర రెండు సందులు కోయించి నన్ను వాటిలోంచి దూర్చి, లోపలివైపు పాత బొంతగుడ్డ మందంగా కుట్టింది. కుర్రాళ్లను చుట్టూ కూర్చోబెట్టి చెప్పింది.

“ఉరికేటప్పుడు తొడ ముందలి కండ కాలును ముందుకు విసురుతది. ఆ విసిరిన కాలును వెనకాల కండ పట్టి ఆపుతది. తెగేది విసిరేటప్పుడు కాదు, ఆపేటప్పుడు. మీ ఇంజన్లు బాగున్నయి. బ్రేకులే లేవు.”

బ్రేకు అన్న మాట వినగానే ఈమె నా మనిషి అనుకున్నాను.

చేయవలసిన పని చూడ్డానికి సులువు. బెంచీ మీద మోకాళ్లపై నిలబడాలి. చీలమండలు నా పట్టులో ఉంటాయి. మోకాళ్ల నుంచి తలదాకా ఒంటిని కర్రలా నిటారుగా పెట్టి, మెల్లగా ముందుకు వాలాలి. ఎంత మెల్లగా వాలితే అంత లాభం. పడిపోతున్న ఒంటిని తొడ వెనక కండరమే ఆపుతుండాలి. ఇక ఆగదు అన్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. కుర్రాళ్లు దానికి వెంటనే ‘సాష్టాంగం’ అని పేరు పెట్టేశారు. మొదటి రోజు ఒక్కడూ ఆపుకోలేకపోయాడు, అందరూ సిమెంటు బస్తాల్లా దబదబా పడ్డారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా పడ్డవాడు రతన్.

రతన్ గురించి చెప్పాలి. ఊరి అవతల తండా కుర్రాడు. తెల్లవారకముందే సైకిలు మీద కాలనీ అంతా పాలప్యాకెట్లు వేసి, అట్నుంచి అటే మైదానానికి వచ్చేవాడు. అందరికంటే ముందు వచ్చి బూట్లు కట్టుకుని కూర్చునేవాడు. కుడివైపు అంచున బంతి పట్టుకుని ఉరికితే వెనక నల్లదుమ్ము లేవడం తప్ప మనిషి కనిపించేవాడు కాదు. రాష్ట్ర జూనియర్ జట్టులో ఆడాలన్నది అతని కోరిక. చిన్న కోరిక కాదు. ఆ జట్టులో ఆడిన మునుపటి కుర్రాళ్లకు జీవితం ఒక గాడిన పడింది. కానీ దానికి వయసు గీత ఉంది. ఆ ఏడాది దాటితే రతన్ ఆ గీత దాటిపోతాడు. జిల్లా టోర్నమెంటు ఫైనల్ చూడడానికి సెలెక్టర్లు వస్తారు. అతనికి అదే మొదటి అవకాశం, చివరి అవకాశం.

అతని కాలు నా పట్టులో ఉన్నది ఆ మొదటి వారమే. అంత వేగం ఉన్న కాలికి అంత తక్కువ పట్టు ఉండడం నాకు అప్పుడే భయం పుట్టించింది.

కొత్త పని కాబట్టి ఆ వారమంతా కుర్రాళ్ల తొడలు సలిపాయి. మెట్లు దిగలేక పక్కవాటుగా దిగారు. అదే వారం పక్క ఊరి జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి ఓడిపోయారు. కోచ్ దేవదానం సారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నస్రీన్ రాగానే బెంచీ వైపు వేలు చూపించాడు.

“నా పోరలు నడుస్తలేరు మేడం. బాతుల్లెక్క ఊగుతున్నరు. ఈ బెంచీ నాకొద్దు.”

“మొదట్ల నొస్తది సార్. జెర తక్కువతోని మొదలుపెట్టి మెల్లగ పెంచుకుంట పోవాలె. కొన్ని వారాలైతే నొప్పి పోతది, బలం ఉంటది. పోయినేడు ఎంతమంది కుంటిన్రో మీకు యాది లేదా?”

“యాదున్నది. కుంటిన్రు, మానింది, ఆడిన్రు.”

“మల్ల కుంటిన్రు,” అంది నస్రీన్.

సారు బెంచీని ఉంచుతానన్నాడు, తన పద్ధతిలో వాడుకుంటానన్నాడు. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. తన డ్యూటీల మధ్య వారానికి ఒకసారి వచ్చి చూసుకోవడమే ఆమెకు వీలయ్యేది.

దేవదానం సారు చెడ్డవాడు కాదు. ఆ మాట గట్టిగా చెబుతాను, ఎందుకంటే తర్వాత జరిగింది విని మీరు ఆయన్ని తిట్టుకుంటారు. ఆయన ఒకప్పుడు మంచి ఆటగాడు. గనిలో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయాడు. గనిలో ఒక పద్ధతి ఉంది. కార్మికుల్ని లోపలికి దించే లిఫ్టు సమయానికి దిగిపోతుంది. తర్వాత ఎంత పరిగెత్తుకుని వచ్చినా ఆ రోజు హాజరు పడదు. ఆ పద్ధతి ఆయన ఎముకల్లో ఇంకిపోయింది. ఆదివారం చర్చికి పోయేవాడు, మిగతా రోజులన్నీ గడియారాన్ని కొలిచేవాడు. సమయానికి వచ్చేవాడు ఆయన దృష్టిలో మంచివాడు, లేటుగా వచ్చేవాడు ఇంకా మనిషి కావలసినవాడు.

మర్నాడు పొద్దున జట్టులో మొగిలి అనే కుర్రాడు లేటుగా వచ్చాడు. మొగిలి ఎప్పుడూ లేటుగానే వచ్చేవాడు. వాడి నిద్ర గురించి కాలనీలో కథలున్నాయి. ఒకరోజు అలారం మోగలేదనేవాడు, ఒకరోజు మోగిందనుకుని కలగన్నాననేవాడు. అలాంటివాళ్ల చేత సారు మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించేవాడు. ఆ రోజు ఆయన చూపు బెంచీ మీద పడింది. ఆ చూపుకి నేను ఉలిక్కిపడ్డాను.

“రౌండ్లు వద్దు. పో, పోయి సాష్టాంగం చెయ్. చేసి మొక్కు, రేపటిసంది జల్ది వస్తనని.”

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. అలా నస్రీన్ పెట్టిన మందు దేవదానం సారు చేతిలో బెత్తమైంది. ఆ రోజు నుంచి నా పేరే మారిపోయింది. లేటొచ్చినోళ్ల బెంచీ. దాని మీద మోకరిల్లడం అవమానం. సమయానికి వచ్చినవాడికి ఆ అవమానం లేదు.

నాకు అసలైన నరకం అక్కడ మొదలైంది. రోజూ నా పట్టులోకి వచ్చే చీలమండలు ఎవరివో నాకు తెలుసు. ఎక్కువగా మొగిలివి. అప్పుడప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గురివి. రతన్‌వి ఒక్కరోజూ రాలేదు. వారాలు గడిచేకొద్దీ మొగిలి పడిపోవడం మానేశాడు. సగం దాకా వాలి అక్కడే ఆగేవాడు. ఇంకా కిందికి దిగి ఆగేవాడు. నేల దగ్గరికి వచ్చి, తల పైకెత్తి సారును చూస్తూ, “ఇంకెంతసేపు సార్?” అని అడిగేవాడు. శిక్ష వేస్తున్న సారుకు ఒళ్లు మండేది. ఇంకా చేయించేవాడు. ఆ సోమరిపోతు తొడ వెనక ఇనుప తీగ లాంటి కండరం పేనుకుంటున్న సంగతి వాడికీ తెలియదు, ఆయనకూ తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే లాగుడు నా మీదే కదా.

అవతల రతన్ గోలుపోస్టు దగ్గర ఉరుకుతూనే ఉండేవాడు. రోజురోజుకూ వేగం పెరుగుతోంది. సారు మురిసిపోయి, “గా పిల్లగాన్ని చూసి నేర్చుకోండిరా. ఒక్కనాడన్న బెంచీ ముఖం చూసిండా?” అని అందరికీ చూపించేవాడు. ఆ మాట వింటుంటే నా పోగులు జివ్వుమనేవి.

నస్రీన్ వచ్చినప్పుడల్లా మొదట నన్నే చూసేది. బొంతగుడ్డ అరిగిందా, బకిల్ వదులైందా అని తడిమేది. అరిగేది, వదులయ్యేది కూడా. ఆమె మొహం విప్పారేది.

“బెంచీ వాడుతున్నరా సార్?”

“ఒక్కరోజు సుత తప్పలే మేడం.”

అబద్ధం కాదు. అదే నా బాధ. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది. ఆమె కొత్త గుడ్డ కుట్టి వెళ్లిపోయేది. నేను ఆమె వేళ్ల మధ్య ఎంత బిగుసుకున్నా, అరిగింది ఎవరి కాళ్లకో అడగవమ్మా అని చెప్పలేకపోయాను.

సెమీఫైనల్ గెలిచారు. గెలిపించింది రతనే. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి బెంచీ మీద కూర్చుని బూట్లు కట్టుకుంటూ, అతను ఒక్కసారి ఆగి కుడి తొడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. వేళ్లతో ఒకచోట నొక్కి చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు, నేను తప్ప. తర్వాత ఏమీ లేనట్టు లేచి పరిగెత్తాడు గానీ ఆ రోజు అడుగు పొట్టిగా పడింది. ఆ పక్కరోజూ అంతే. మొగిలి చేత బామ్ రాయించుకుంటూ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మొగిలికి లేటుగా రావడం తప్ప వేరే దోషం లేదు. ఆ ఒట్టు వాడి కడుపులో ఒక పూటే నిలిచింది. నస్రీన్ రాగానే చెప్పేశాడు.

ఆమె రతన్‌ను బెంచీ మీద బోర్లా పడుకోబెట్టింది. మోకాలు కొద్దిగా మడిచి, మడమను తన అరచేతికి ఎదురుగా లాగమంది. ఎడమ కాలు గట్టిగానే లాగాడు. కుడికాలు లాగేటప్పుడు తొడంతా వణికింది, ఆమె రెండు వేళ్లతో దాన్ని ఆపేసింది. జట్టంతా చుట్టూ నిలబడి ఉంది.

“ఇంకా చిట్లలే,” అంది ఆమె మెల్లగా. “చిట్లుత అని చెప్తున్నది. రతన్, బెంచీ మీద ఆఖరుసారి ఎప్పుడు చేసినవ్?”

రతన్ తలెత్తి కొంచెం గర్వంగానే చెప్పాడు. “నేనెన్నడు లేటు రాలే మేడం.”

ఆమెకు అర్థం కాలేదు. మొగిలి నవ్వుతూ విడమరిచి చెప్పాడు. “బెంచీ లేటొచ్చినోళ్లకే మేడం. వాడు దాని దిక్కు సుత రాడు. నేనే దానికి ఇల్లరికం అల్లుణ్ని.” ఆమె మొహం చూసి వాడి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నస్రీన్ సారు వైపు తిరిగింది. “రోజూ వాడుతున్నమన్నరు కద సార్.”

“వాడుతనే ఉన్నం మేడం.”

“ఎవరు?”

సారు నోరు తెరిచాడు. మొగిలిని చూశాడు, రతన్‌ను చూశాడు, విజిలు తాడు వేలికి చుట్టుకున్నాడు. నస్రీన్ ఆయన్ని తిట్టలేదు. “నేను సుత గీ మాట అడగలే. బెంచీ అరిగిందా అని చూసుకున్న. ఎవరి కాలుకు అరిగిందో చూడలే,” అంది. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకున్నట్టుగా ఉంది.

సారు గొంతు తగ్గించి అన్నాడు. “ఇప్పటిసంది ఎక్కిద్దాం మేడం. పొద్దున, మాపున. నేనే దగ్గరుండి చేపిస్త.”

“ఇది వారాల పని సార్. ఫైనల్ ముంగట పెట్టుకుని ఎక్కిస్తే ఉన్న బలం కూడ అలిసిపోతది. ఈ మ్యాచ్‌కు రతన్ వద్దు.”

రతన్ లేచి కూర్చున్నాడు. “వచ్చే ఏడు నా వయసైపోతది మేడం,” అన్నాడు. ఆ మాటకు ఆమె దగ్గర ఏ వ్యాయామమూ లేదు.

చివరికి రాజీ కుదిరింది. రతన్ మొదట దిగడు, అతని స్థానంలో మొగిలి ఆడతాడు. అవసరమైతేనే, చివర్లో కొద్దిసేపు, ఒళ్లు బాగా వేడెక్కించుకున్నాక. ఆ రాజీ నస్రీన్‌కు ఇష్టం లేదు. ఆమె వద్దనే అంది, ఆఖరు దాకా వద్దనే అంది.

ఫైనల్ రోజు పట్టణంలో పెద్ద మైదానానికి మా బెంచీని కూడా ట్రాలీలో తీసుకెళ్లారు, ఆడనివాళ్లు కూర్చోవడానికి. అందువల్ల అంతా నేను దగ్గరుండి చూశాను. షామియానా కింద సెలెక్టర్లు ముగ్గురు కూర్చున్నారు. రతన్ సరిగ్గా నా మీదే కూర్చుని, నా కొసను పిడికిట్లో చుట్టి పట్టుకున్నాడు. అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. మా జట్టు మొదట్లోనే ఒక గోలు తిన్నది. కుడివైపు మొగిలి పరిగెత్తుతున్నాడు. రతన్ అంత వేగం లేదు. కానీ అలుపు లేకుండా పరిగెత్తుతున్నాడు. బంతి దొరికినా దొరకకపోయినా పోయి వస్తున్నాడు.

సగం ఆట అయ్యాక సెలెక్టర్లు టీ తాగారు. ఆట మళ్లీ మొదలై చాలాసేపు గడిచింది. గోలు రాలేదు. ఒక సెలెక్టరు గడియారం చూసుకుని కుర్చీ కింద సంచి అందుకున్నాడు. అది రతన్ కంట్లో పడింది. గోలుపోస్టు వెనకకు వెళ్లి నస్రీన్ నేర్పినట్టే ఒళ్లు వేడెక్కించుకుని వచ్చి, బెంచీ పక్కన నా కొసను మళ్లీ పిడికిట్లోకి తీసుకుని సారు ముందు నిలబడ్డాడు.

“నన్ను దింపండి సార్.”

సారు నస్రీన్‌ను చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సారు మైదానాన్ని చూశాడు, షామియానాను చూశాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ రోజు అడిగాడు. “కాలు మంచిగున్నదా బిడ్డా?”

“మంచిగున్నది సార్,” అన్నాడు రతన్, కింద చూస్తూ. నేను ఇంకా అతని పిడికిట్లో ఉన్నాను. వదలకూడదనుకున్నాను. కానీ పట్టుకుంది అతను, నేను కాదు. వదిలేశాడు.

మొగిలిని మధ్యలోకి జరిపి రతన్‌ను కుడివైపు దింపారు. అతను దిగగానే జనంలో కేకలు లేచాయి. సంచి అందుకున్న సెలెక్టరు మళ్లీ వెనక్కి వాలాడు. మొదటి పరుగు బాగానే ఉంది. నస్రీన్ నా పక్కనే నిలబడి ఉంది. రెండో పరుగు ఇంకా బాగుంది. ఆట ఇక ముగుస్తుందనగా వెనక నుంచి పొడుగు బంతి ఒకటి వచ్చింది, కుడి అంచున ఖాళీలోకి. రతన్ దాని వెనక బయలుదేరాడు. ఎదుటి ఆటగాడు అతనికంటే ముందున్నాడు. రెండు అంగల్లో వెనకపడిపోయాడు. అలాంటి పరుగు నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. కాలు బారుగా ముందుకు చాచి బంతిని అందుకున్నాడు. అందుకుని మధ్యలోకి కొట్టాడు.

బంతి గాల్లోకి లేచింది, రతన్ నేల మీద పడ్డాడు. ఎవరూ తగల్లేదు. వెనక నుంచి ఎవరో కొట్టినట్టు చెయ్యి తొడ వెనకకు పోయింది, అలాగే బోర్లా పడ్డాడు. అదే క్షణంలో గోలు ముందు మొగిలి ఎగిరి ఆ బంతిని తలతో లోపలికి తోశాడు. మైదానం దద్దరిల్లింది. జట్టంతా మొగిలి మీద పడింది. షామియానాలో ముగ్గురూ లేచి నిలబడ్డారు, మొగిలినే చూస్తూ. నస్రీన్ ఒక్కతే అవతలి వైపు పరిగెత్తింది.

అతణ్ని తేవడానికి స్ట్రెచర్ దొరకలేదు. మా బెంచీనే తీసుకెళ్లారు. రతన్‌ను నా మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు, నస్రీన్ తొడకు ఐసుగడ్డలు చుట్టింది. ఎంతవరకు చిట్లిందో వేళ్లతో చూసి, “నెలలు పడతది” అని మాత్రం అంది. మ్యాచ్ పెనాల్టీల్లో మా జట్టే గెలిచింది. కప్పు అందుకునేటప్పుడు సారు అక్కడ లేడు. రతన్ తల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని నుదుటి మీది మట్టి తుడుస్తూ అన్నాడు.

“ఒక్కనాడన్న లేటుగ రాకపోతివి కద బిడ్డా.”

రతన్ జెర్సీ పైకి లాక్కుని మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్న సంగతి నాకు తెలుసు, ఒళ్లంతా అదురుతోంది. ఆ రోజు నాకు సారు మీద కోపం రాలేదు. జాలి వేసింది. జీవితమంతా పిల్లలకు నేర్పిన మంచిగుణమే ఆయన ముందు గాయమై పడుకుంది.

సాయంత్రం సెలెక్టర్లు ఒక్క పేరే అడిగారు. అది మొగిలి పేరు. రోజూ బెంచీ శిక్ష పడ్డ ఆ కుర్రాడు వచ్చి, రతన్ పక్కన తల దించుకుని నిలబడి, “నువ్వేసిన బంతి రా అది,” అన్నాడు. రతన్ చెయ్యి చాపి వాడి చెయ్యి పట్టుకున్నాడు. “టైముకు పో,” అన్నాడు. “ఆడ గిట్ల నడవది.”

తర్వాతి పొద్దున మైదానంలో విజిలు మోగింది. దేవదానం సారు కుర్రాళ్లందర్నీ బెంచీ ముందు వరసగా నిలబెట్టాడు. సమయానికి వచ్చినవాళ్లంతా ముందు బెంచీ చేయాలి, ఎవరు ఎంత చేయాలో నస్రీన్ మేడం చెబుతుంది. లేటుగా వచ్చినవాడికి ఆ రోజు బెంచీ లేదు, కూర్చుని చూడాలి. కుర్రాళ్లకు మొదట అర్థం కాలేదు. తర్వాత తోసుకుంటూ రావడం మొదలుపెట్టారు. మనుషులు చిత్రమైనవాళ్లు. చేయమంటే తప్పించుకుంటారు, వద్దంటే కొట్టుకుంటారు. ఆ ఏడాది తొడ పట్టుకుని కూలబడ్డవాళ్లు బాగా తగ్గిపోయారు. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, ఏమీ జరగలేదు కదా.

రతన్ దవాఖాన గదిలో నడక దగ్గర నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. వానలు వెళ్లి చలి వచ్చాక ఒక ఉదయం, పాలప్యాకెట్లు వేసి నేరుగా మైదానానికి వచ్చాడు. అప్పటికి వయసు గీత దాటిపోయింది. ఎవరూ ఇంకా రాలేదు, సారు తప్ప. రతన్ బెంచీ ఎక్కి మోకాళ్లపై నిలబడ్డాడు. సారే వంగి నన్ను అతని చీలమండల చుట్టూ తిప్పి బిగించి, పడితే పట్టుకోవడానికి ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు.

రతన్ వాలడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒళ్లు కర్రలా. మొదటి రోజు దబ్బున పడ్డచోట ఆగాడు. అక్కడి నుంచి ఇంకా కిందికి దిగి ఆగాడు. నా పోగులన్నీ బిగుసుకుని కిర్రుమన్నాయి. సారు చేతులు చాచి అలాగే ఉన్నాయి, వాటికి పని పడలేదు. నేలకు అంగుళం ఎత్తున అతను నిలిచిపోయాడు. ఆ కాలు ఎంత లాగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. ఇక ఆ కాలు ఎంత పరుగునైనా ఆపగలదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు, చూడడానికి అక్కడ ఒక్క సెలెక్టరూ లేడు.